ఐదు జతల గ్లౌజులు

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో స్కానర్ బెల్టు మీద హ్యాండ్‌బ్యాగు పెట్టాకగానీ అందులో ఏముందో ఉమాశ్రీకి గుర్తురాలేదు. గుర్తొచ్చేసరికి బ్యాగు రబ్బరు తెరల వెనక్కి వెళ్లిపోయింది. సెక్యూరిటీ అమ్మాయి బెల్టు ఆపి, "మేడం, జర బ్యాగు తెరువున్రి" అంది. టిఫిన్ బాక్సు, గొడుగు, వాటి కింద నీలం గ్లౌజుల అట్టపెట్టె. వంద అని పైన రాసి ఉంది, లోపల తొంభై ఉన్నాయి. "దవాఖానల చేస్తరా మేడం?" అని అడిగిందా అమ్మాయి, ఊరికే మాట కలపడానికి. "అవునమ్మా" అంది ఉమాశ్రీ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఐటీ కంపెనీలో అడ్మిన్ ఉద్యోగం అని చెబితే ఎవరూ పట్టుకుని కొట్టరు కదా. కానీ ఇవాళ పొద్దున పదకొండూ పది నుంచీ నోరు ఆమె మాట వినడం మానేసింది. చెప్పవలసింది చెప్పదు, అక్కర్లేనిది తడుముకోకుండా చెప్పేస్తుంది. బ్యాగు జిప్పు లాగుతుంటే పెట్టె మూల అడ్డం పడింది. రెండుసార్లు లాగింది, మూడోసారి అలాగే వదిలేసి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోయింది.

ఐదూ పది. ఆగస్టు సాయంత్రానికి ఉండాల్సిన వెలుతురు లేదు. అద్దాల మేడల మీద మబ్బు నల్లగా దిగి కూర్చుంది, వాన మాత్రం పడదు, పొద్దుటి నుంచీ ఇదే వరస. అమీర్‌పేటలో రైలు మారి మూసాపేటలో దిగాలి. అక్కడ ఆఫీసులో తనతో పనిచేసే జాషువా ఇల్లు. నడకతో కలిపి గంట. ఆ గంట చివర ఒక్క మాట చెప్పాలి. చంద్రయ్య రక్తంలో కామెర్లు ఉన్నాయి జాషువా, బి రకం, నువ్వు వెంటనే ఆస్పత్రికెళ్లి సూది వేయించుకోవాలి. ఇంతే. ఊపిరి పట్టుకుంటే ఒక్క గుక్కలో అయిపోతుంది. దాన్నే ఐదు గంటల ఇరవై నిమిషాలుగా గొంతులో పెట్టుకుని తిరుగుతోంది, ఆఫీసులో కాఫీ తాగింది, రెండు మెయిళ్లకు జవాబిచ్చింది, రేపటి ఫైర్ డ్రిల్లుకి విజిళ్లు వచ్చాయో లేదో లెక్క చూసింది. మనిషి ఇంత మామూలుగా ఉండగలదని ఉమాశ్రీకి ఇంతకుముందు తెలియదు, ఇప్పుడు తెలిసి తన మీద తనకే భయం వేస్తోంది.

రైలు వచ్చింది, జనం తోసుకున్నారు, ఆడవాళ్ల పెట్టెలో ఆమెకి తలుపు పక్కన నిలబడే చోటు దొరికింది. స్తంభం పట్టుకోబోయి ఆగింది. అక్కడ అప్పటికే ఆరు చేతులున్నాయి. ఒక చేతికి గోరింటాకు, ఒక చేతి బొటనవేలికి వంటింట్లో తెగిన గీత, ఒక చేతికి వాచీ కింద గోకిన దద్దురు, ఇంకొకరి చూపుడువేలికి ఊడిపోవస్తున్న ప్లాస్టరు. రోజూ చూసేవే ఈ చేతులన్నీ, ఇవాళే వాటి మీద తోలు ఎంత పల్చనో కనబడుతోంది. ఎక్కడ చూసినా చిన్న చిన్న తలుపులు తెరిచే ఉన్నాయి. ఒక పసిపిల్ల తల్లి చంకలో నుంచి వంగి స్తంభాన్ని నాకుతోంది, తల్లి ఫోన్‌లో ఉంది. చెప్పాలా? ఏమని చెప్పాలి, ఎవరికని చెప్పాలి, నీకెందుకమ్మా అనదూ? ఉమాశ్రీ చెప్పలేదు. పిల్ల తల తనే వెనక్కి తీసుకుంది, ఇనుము రుచి నచ్చలేదేమో. జాషువా చేతులకి మాత్రం గోళ్లు ఉండవు. పళ్లతో కొరికేస్తాడు, గోరు అయిపోయాక పక్క తోలు కొరుకుతాడు, కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి పంపే రిలీజు వారం వచ్చిందంటే పది వేళ్లూ ఎర్రగా పచ్చిగా ఉంటాయి. "ఏం జాషువా, లంచ్ తెచ్చుకోలేదా?" అని ఎన్నిసార్లు ఆటపట్టించిందో. నవ్వి చేతులు టేబుల్ కింద పెట్టుకునేవాడు. ఇది రిలీజు వారమే.

దుర్గం చెరువు స్టేషన్ దాటుతుంటే దూరంగా నీళ్లు సీసం రంగులో ఉన్నాయి, తీగల వంతెన దీపాలు తొందరపడి వెలిగాయి. పొద్దున పదకొండూ పదికి కూడా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఆఫీసు ఏడో అంతస్తులో, సీలింగు పలక తీసిన చోట తప్ప. బాలానగర్ వర్క్‌షాపు నుంచి ఏసీ బాగుచేయడానికి వచ్చిన చంద్రయ్య నిచ్చెన మీద నిలబడి గాలి గొట్టం రేకు విప్పుతున్నాడు, నలభై అయిదేళ్ల మనిషి, పొద్దున్నే ఆమె దగ్గరే పాస్ రాయించుకున్నాడు. నిచ్చెన కాలు కార్పెట్ మీద జారింది. చప్పుడు పెద్దగా ఏం కాలేదు. రేకు అంచు ఎడమ చెయ్యిని మోచేతి నుంచి మణికట్టు దాకా కోసుకుంటూ పోయింది, అతను కూర్చున్నట్టుగా కింద పడ్డాడు, పడ్డాక ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత రక్తం ఉరికింది. అరిచింది అక్కడే కూర్చునే రసజ్ఞ. పరుగెత్తింది జాషువా. అతను పరుగెత్తింది మనిషి దగ్గరికి కాదు, ముందు గోడ మీది ఫస్ట్ ఎయిడ్ పెట్టె దగ్గరికి. అలాగే చేయాలని మార్చిలో ఉమాశ్రీయే నేర్పింది. నలుగురికి నేర్పితే అక్షరం పొల్లుపోకుండా పట్టుకున్నవాడు వీడొక్కడే. పెట్టె తెరిచాడు. దూది, కట్టు గుడ్డలు, కత్తెర. పై అర తీసి కింద చూశాడు. తర్వాత తలెత్తి ఆమె వైపు చూశాడు.

ఆ చూపు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఉమాశ్రీ మనసు పక్కకి తప్పుకుంటుంది. ఇప్పుడు కూడా మాదాపూర్ స్టేషన్ ప్రకటన శ్రద్ధగా విన్నది, తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయా కుడి వైపా అని. తన స్టేషన్ కాదు, తనకేం పని. తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఆ చూపు మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడింది. అందులో నింద లేదు, ఇక్కడే ఉండాలి కదక్కా, ఎక్కడ పెట్టారు అన్న వెతుకులాట మాత్రమే ఉంది. చుట్టూ ఇరవై మంది నిలబడ్డారు, నలుగురు ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. ప్రింటర్ పక్కన చెత్తబుట్టకి ఆ పొద్దునే తొడిగిన కొత్త నల్ల కవరు, టేబుళ్ల మీద టిఫిన్లు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఎన్ని లేవు? మార్చిలో తనే చెప్పింది, గ్లౌజులు లేకపోతే చేతికి కవరు తొడుక్కోండి, అదీ దొరక్కపోతే దెబ్బ తగిలిన మనిషి చేతినే గాయం మీద పెట్టి వాళ్లనే నొక్కుకోమనండి, ముందు మీ ఒళ్లు కాపాడుకోండి, మీరు కూడా పడిపోతే మోసుకెళ్లాల్సినవాళ్లు ఇద్దరవుతారు అని. ఆ పాఠం మొత్తం ఆ క్షణంలో గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకోవడానికి లేదు. కవరు తొడుక్కో జాషువా అని నోరు తెరిస్తే, గ్లౌజులేవి అని ఇరవై నోళ్లు అడుగుతాయి. అదీ భయం. రక్తం చూసి కాదు, ఆ ప్రశ్న చూసి భయపడింది. "నొక్కి పట్టుకో" అంది. జాషువా దూది మడిచి, పచ్చి వేళ్లతో, వట్టి చేతులతో నొక్కి పట్టుకున్నాడు. దూది తడిసిపోవడం, వేళ్ల సందుల్లోంచి కారి అతని చొక్కా మడత దాకా పాకడం, అతను అయినా వదలకపోవడం ఆమె చూస్తూ నిలబడింది.

గ్లౌజులు ఏమయ్యాయంటే, బిర్యానీ తిన్నాయి. నవ్వొచ్చే సంగతే, మే నెలలో అందరూ నవ్వారు కూడా. ఎండలకి బోర్లు ఎండిపోయి, టాంకరు రావాల్సింది రాక, మధ్యాహ్నానికి ఏ అంతస్తులోనూ కుళాయిల్లో చుక్క లేదు. ఆ రోజే రసజ్ఞ ప్రమోషన్ పార్టీ, రెండు పెద్ద డబ్బాల బిర్యానీ వచ్చి టేబుల్ మీద ఆవిర్లు కక్కుతోంది. తిన్నాక చేతులు ఎక్కడ కడుక్కుంటాం, స్పూన్లతో బిర్యానీ ఏం తింటాం అని అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే రసజ్ఞే అంది, "అక్కా, మీ పెట్టెలో గ్లౌజులుంటాయి కదండీ, మనిషికొకటి ఇచ్చేయండి" అని. ఐదు జతలంటే పది. పది మంది, మనిషికొక చెయ్యి. ఉమాశ్రీయే తాళం తీసి పంచింది, దాతలాగా, గర్వంగా. తనూ ఒకటి తొడుక్కుంది. రబ్బరు మీది పొడి వాసన, మసాలా వాసన కలిసి ముద్ద ముద్దకీ ఆస్పత్రి గుర్తొచ్చింది. పది తెల్ల చేతులు పైకెత్తి ఫోటో తీయించుకున్నారు, జాషువా రెండో వరసలో ఉన్నాడు. మర్నాడే కొత్తవి కొనమని స్టోర్సుకి ఇండెంట్ పెట్టింది, అది ఎవరో మేనేజరు సంతకం కోసం ఆగింది, ఆగిన సంగతి ఈమె మరిచిపోయింది. నెలాఖరున పెట్టె తలుపుకి వేలాడే కార్డు మీద గ్లౌజులు, ఐదు జతలు, అని టిక్కు పెట్టి సంతకం చేసింది. జూన్‌లో చేసింది. జులైలో చేసింది. పెట్టె తెరవలేదు, తెరిచి చూడాల్సిన అవసరం ఏముంది, లోపల ఏం లేదో ఆమెకి తెలుసు కదా.

పెద్దమ్మ గుడి దాటాక రైలు నెమ్మదించి, ఇంకాస్త నెమ్మదించి, రెండు స్టేషన్ల మధ్య గాల్లో ఆగిపోయింది. ఏసీ హోరు తగ్గింది. కింద రోడ్డు మీద కార్ల ఎర్ర దీపాలు కదలకుండా కిలోమీటరు దాకా ఉన్నాయి. "ఏమైందంటా?" అని ఎవరో అడిగారు. ఉమాశ్రీ ఫోన్ తీసి జాషువాకి మళ్లీ కలిపింది, స్విచాఫ్. నాలుగింటి నుంచీ స్విచాఫే. మరి పన్నెండు నుంచి నాలుగు దాకా ఎందుకు కలపలేదు? రెండింటికి అతను సెలవు పెట్టి ఇంటికి వెళ్తుంటే ఎందుకు ఆపలేదు? మెసేజి ఎందుకు పెట్టలేదు? టైపు చేసింది, మూడుసార్లు. చెరిపేసింది, మూడుసార్లు. రాసింది ఉండిపోతుంది, అందులో టైము కూడా పడుతుంది. ఆస్పత్రి ఎమర్జెన్సీ గుమ్మంలో స్ట్రెచర్ మీద పడుకుని చంద్రయ్య ఆమె చున్నీ అంచు పట్టుకుని దగ్గరికి పిలిచాడు, అప్పటికి పదకొండూ యాభై. నొప్పితో పళ్లు కరుచుకుని చిన్న గొంతుతో, "మేడం, నాకు రక్తంల కామెర్లున్నయి, బి అంటరు, రెండేండ్ల సంది మందులు మింగుతున్న. డాక్టరుకు చెప్పిన. చెయ్యి పట్టిన ఆ సారుకు మీరు చెప్పున్రి, జల్ది చెప్పున్రి. మా సేటుకు మాత్రం చెప్పకున్రి, పని పోతది" అన్నాడు. చెబుతానంది. ఒట్టు పెట్టినంత గట్టిగా చెబుతానంది. చేతికి ఇరవై కుట్లు పడబోతున్న మనిషి, పని పోతుందేమోనని వణుకుతున్న మనిషి, తను చేయాల్సింది తను చేసేశాడు. ఏ దెబ్బా తగలని ఈమె ఆటో ఎక్కి, ఆఫీసు గేటు ముందు దిగకుండా, రెండు వీధుల అవతల మందుల షాపు ముందు దిగింది.

తెల్లవి లేవన్నాడు షాపువాడు, నీలం రంగువి ఉన్నాయన్నాడు. తీసుకుంది. లంచ్‌కి అందరూ కిందికి వెళ్లాక, హౌస్‌కీపింగ్ సాయమ్మ కార్పెట్ మీది మరక రుద్దుతూ అటు తిరిగి కూర్చున్నప్పుడు, పెట్టె తెరిచి ఐదు జతలు కింద అరలో సర్దింది. సాయమ్మకి మాత్రం ఒక జత ఇచ్చింది, "చేతులకి తొడుక్కో సాయమ్మా, ఉత్త చేతులతో ముట్టుకోకు" అని. ఇచ్చింది చున్నీ చాటున బ్యాగులోంచి, కానీ సాయమ్మ అవి వద్దంది, "గివి తొడిగితె గుడ్డ పట్టు దొరకదమ్మా" అని తిరిగి ఇచ్చేసింది. రెండు కవర్లు చేతులకి కట్టుకుని రుద్దింది సాయమ్మ. ఏ పాఠమూ వినని సాయమ్మ తనంతట తనే కవర్లు కట్టుకుంది.

రైలు ఇంకా కదల్లేదు. నాన్న గుర్తొచ్చాడు. రావాల్సినవాడే, మధ్యాహ్నం నుంచీ గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. సామర్లకోటలో చలపతిరావు గారంటే ఆర్‌ఎంపీ డాక్టరు, డిగ్రీ లేకపోయినా పేట మొత్తానికి దేవుడు, ఏ జ్వరానికైనా ఒక సూది. స్టీలు డబ్బాలో ఒకే గాజు సిరంజి, పొద్దున్నే వేణ్నీళ్లలో మరగబెట్టేవాడు, ఆ తర్వాత సాయంత్రం దాకా ఒకరికీ ఇంకొకరికీ మధ్య స్పిరిటు దూదితో తుడిచేవాడు. అప్పుడు అందరూ అంతే. ఆ ఏడు పేటలో కామెర్లు మొదలయ్యాయి. ముందు రిక్షా తొక్కే అతను, తర్వాత ఉమాశ్రీకి పరికిణీలు కుట్టే పుణ్యవతి గారు. పుణ్యవతి గారి కళ్లు పసుపు పచ్చగా మారడం, ఆవిడ మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించలేకపోవడం పదకొండేళ్ల ఉమాశ్రీ చూసింది. ముగ్గురు పోయారు. నీళ్లు బాగోలేవన్నారు జనం, చెరుకు రసం వల్లన్నారు, దిష్టన్నారు. నాన్న ఏమీ అనలేదు. ఒక సాయంత్రం ఆమెను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని కాలువ వంతెన దాకా తీసుకెళ్లి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నీళ్లలో వేశాడు. "పాతదైపోయిందమ్మా" అన్నాడు. తర్వాతి నెల నుంచి ఇన్సూరెన్సు ఏజెంటు. ఎవరైనా మిగతావాళ్లకి చెప్పాలి కదా, మీరు కూడా ఆ సూదే వేయించుకున్నారు, వెళ్లి పరీక్ష చేయించుకోండి అని. పేటలో ఇంకా ఎంతమంది ఒంట్లో అది నిద్రపోతోందో ఎవరికి తెలుసు. నాన్న వాళ్లందరికీ నమస్కారం పెట్టి పాలసీలు అమ్మాడు. ఉమాశ్రీకి ఈ సంగతి ఇంటర్‌లో పాఠం చదువుతుంటే అర్థమైంది, ఆ రోజు అన్నం సయించలేదు. ఫస్ట్ ఎయిడ్ కోర్సుకి ఎవరైనా వెళ్తారా అని కంపెనీ అడిగినప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది అందుకే. నేను నాన్నలా కాదు అనుకుంటూ ఇన్నేళ్లు బతికింది. నీలం గ్లౌజులు సర్దుతున్నప్పుడు తన భుజాలు వంగిన తీరు, వంతెన మీద ఆయన భుజాలు వంగిన తీరు ఒక్కటే. నాన్నంటే ఆమెకి అసహ్యం, ప్రేమ, రెండూ ఇప్పుడే పొంగుకొచ్చాయి, కళ్లు తుడుచుకోబోయి చేతిని ఆపుకుంది.

రైలు కదిలింది. ఫోన్ మోగింది, సేఫ్టీ హెడ్ రామ్మోహనరావు మెసేజి. ఘటన రిపోర్టు ఆరున్నరకల్లా కావాలి, రేపు పొద్దున నేనే వచ్చి పెట్టె, కార్డు చూస్తాను అని. రిపోర్టులో అన్నీ నింపింది, ఒక్క గడి వదిలేసింది. చికిత్స చేసినవారు గ్లౌజులు వాడారా, అవును, కాదు. అవును అంటే జాషువా చెప్పేది అబద్ధమవుతుంది, కాదు అంటే పెట్టెలో ఉండగా ఎందుకు వాడలేదని తప్పు జాషువా మీదికే వెళ్తుంది. ఎటు తిరిగినా వాడే. ఇది ముందే తెలిసి సర్దానా గ్లౌజులు? తెలియదు, అప్పుడు అంతదూరం ఆలోచించలేదు, ఆలోచించి ఉంటే మాత్రం మానేదాన్నా? ఫోన్‌లో ఆఫీసు గ్రూపులో వెనక్కి వెళ్లి మే నెల ఫోటో తెరిచింది. పది తెల్ల చేతులు. తన సందేశమైతే తను చెరపొచ్చు, ఇది రసజ్ఞ పెట్టింది, ఉండిపోతుంది. రేపు పెట్టెలో నీలం, ఫోటోలో తెలుపు, కళ్లున్నవాడు ఎవడైనా పట్టేస్తాడు. ఇంత ప్రమాదంలో కూడా తన బుర్ర ఈ రంగుల లెక్క వేస్తోందంటే ఉమాశ్రీకి సిగ్గేసింది. అక్కడ ఒక మనిషి ఒంట్లో ఏదో ఎక్కే ఉంటుంది, ఇంటికెళ్లి ఉంటాడు, పెళ్లై మూడు నెలలు కాలేదు, జెస్సికా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఉంటుంది. పెళ్లిలో చర్చి మెట్ల మీద ఆ అమ్మాయి ఉమాశ్రీ బుగ్గకి బుగ్గ ఆనించి, "మా ఆయన్ని మీరే చూసుకోవాలక్కా ఆఫీసులో" అంది, నవ్వుతూ.

అమీర్‌పేటలో జనం ఆమెను దింపారు, జనమే ఎస్కలేటర్ ఎక్కించారు, జనమే మియాపూర్ రైల్లోకి నెట్టారు. సీటు దొరికింది. దొరక్కపోతే బాగుండేది. ఎందుకంటే ఈ రైలు మూసాపేట మీదుగా ఆమె ఇంటికి కూడా వెళ్తుంది. బాచుపల్లిలో ఉంటారు వాళ్లు, రోజూ ఇదే రైలు, ఇవే సీట్లు, చివర్లో దిగి షేర్ ఆటో. మూసాపేటలో లేవకపోతే చాలు, ఇంకేమీ చేయక్కర్లేదు. ఊరికే కూర్చుంటే ఇంటికి చేరుతుంది. రవికిరణ్ ఈపాటికి టీ పెట్టుకుని ఉంటాడు, ఏంటీ ఆలస్యం అంటాడు, ఆఫీసులో ఒకాయనకి దెబ్బ తగిలిందండీ అంటుంది, అయ్యో అంటాడు. అంతే. రేపు పొద్దున జాషువాకి చెప్పొచ్చు, ఇరవై నాలుగు గంటల్లోపు అని ఉంది కదా ఇంటర్నెట్‌లో, రేపు పదింటికి చెప్పినా ఇరవై మూడే అవుతాయి. ఎంత త్వరగా అయితే అంత మంచిది అని కూడా ఉంది, ఆ లైను మీద కన్ను నిలవడం లేదు. ఎస్.ఆర్. నగర్. ఈఎస్ఐ. ఎర్రగడ్డ. పక్కనున్నావిడ చేతిలోని జామకాయల కవరు ఉమాశ్రీ మోకాలికి తగులుతోంది. భరత్ నగర్. రైలు ఆగి బయల్దేరింది. తర్వాతి స్టేషన్ మూసాపేట అని చెప్పిందొక గొంతు, మూడు భాషల్లో, తీరిగ్గా. కాళ్లు లేవలేదు. తలుపులు తెరుచుకున్నాయి. లే, అనుకుంది. కాళ్లు తనవి కానట్టున్నాయి. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, తలుపు మూసుకునే ముందు కూసే కూత మొదలైంది, అప్పుడు లేచింది, ఎలా లేచిందో, జామకాయలావిడ కాలు తొక్కి, చున్నీ తలుపులో పడి, లాక్కుని, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడింది. వెళ్లిపోతున్న రైల్లో తన సీటులో అప్పుడే ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

సందులో మూడో ఇల్లు, మొదటి అంతస్తు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. జాషువా తల్లి మరియమ్మ, ప్రభుత్వ దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి మొన్ననే రిటైరైన మనిషి. ఉమాశ్రీని ఎగాదిగా చూసి, "రా బిడ్డా" అంది. ఆ పిలుపులో ప్రేమా లేదు, కోపమూ లేదు. హాల్లో ట్యూబులైటు వెలుగుతోంది, ఫ్యాను తిరగడం లేదు. జాషువా కుర్చీలో చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని ఉన్నాడు, ఎడమ భుజం మీద దూది ముక్క, దాని మీద టేపు. కడిగీ కడిగీ అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, వేళ్ల చివర మాత్రం ఎరుపు పోలేదు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది, దాని కింద వెలుతురులో రెండు పాదాల నీడ నిలబడి ఉంది. జెస్సికా బయటికి రాలేదు.

"కూసోన్రి అక్కా" అన్నాడు జాషువా. ఉమాశ్రీ కూర్చోలేదు. దారి పొడుగునా కట్టుకున్న మాట ఎటో పోయింది, భుజం మీది దూది నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"చంద్రయ్య ఫోన్ చేసిండక్కా, మూడింటికి" అన్నాడు. "దవాఖానల ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని, మన ఆఫీసుల నా నంబరు అడిగి చేసిండు. మేడం చెప్పిందా సారూ, సూది ఏయించుకున్నరా అని అడిగిండు. వెంటనే పోయిన. మొదటిది పడ్డది. ఇంకోటుంటదట, గట్టిది, అది ఆడ ఒక్కటే ఉండెనట, ఒంటిగంటకు ఇంకెవరికో ఇచ్చిన్రట. రేప్పొద్దుగాల తెప్పిస్తమన్నరు. వస్తె వస్తది. ఎక్కిందా లేదా తెల్వాలంటె మూడు నెలలు ఆగాలన్నరు." ఫోన్ స్విచాఫ్ ఎందుకయిందో చెప్పలేదు. ఒంటిగంట అన్నప్పుడు ఆమె వైపు చూడలేదు కూడా. మరియమ్మ గోడకి ఆనుకుని, ఎవరితోనూ అన్నట్టు కాకుండా, "ముప్పై ఏండ్లు మందికి సూదులిచ్చిన. నా కొడుక్కి గీ టీకా ఇప్పియ్యలే" అంది. ఆ మాట విని ఉమాశ్రీ పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది.

జాషువా గోరు కొరకబోయి, తల్లి వైపు చూసి, చెయ్యి దించాడు. "రెండింటికి ఇంటికి బయలెల్లే ముందుగాల పెట్టె తెరిచి చూసిన అక్కా" అన్నాడు, మెల్లగా. "మల్ల ఎవరికన్న దెబ్బ తాకితె ఏమున్నయో ఏం లేవో రాసిపెడదామని. నీలంవి ఉన్నయి." కింద సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. "చంద్రయ్య అట్ల అడిగితె ఏం చెప్పాల్నో తెల్వలే. చెప్పింది అన్న. మేడం అప్పుడే చెప్పింది, నువ్వు ఫికర్ చెయ్యకు అన్న. ఆయన మంచిగ ఖుషీ అయిండు. కానీ అబద్ధమాడిన గదా అక్కా. వచ్చినప్పటి సంది ప్రార్థనకు కూసుంటున్న, అదే అడ్డమొస్తున్నది. కోపం సంగతి మల్ల చూస్త. ముందుగాల మీరు చెప్పున్రి. ఇప్పుడన్న చెప్పున్రి. నేనాయనకు చెప్పింది ఆలస్యమైన మాట అయితది గని, అబద్ధమైతె గాదు."

తలుపు కింద పాదాల నీడ ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఉమాశ్రీ కుర్చీ వదిలి సరిగ్గా నిలబడింది. పదకొండూ యాభై దగ్గర, స్ట్రెచర్ దగ్గర మొదలుపెట్టబోయింది, అక్కడి నుంచి మొదలుపెడితే తప్పు సగానికి తగ్గుతుందని తెలిసి ఆగింది.

"మే నెల నుంచీ ఆ పెట్టెలో గ్లౌజులు లేవు జాషువా" అంది. "ఉన్నాయని ప్రతి నెలా సంతకం పెట్టింది నేనే. నువ్వు పెట్టె తెరిచి నా వైపు చూసినప్పుడు నాకు తెలుసు. కవరు తొడుక్కోమని చెప్పాలని కూడా తెలుసు. నొక్కి పట్టుకోమన్నాను."